ట్రెడిల్ ప్రెస్సు పెదనాన్న, నా బొమ్మల పుస్తకాలు

బొమ్మల పుస్తకం ఏది చేతికొచ్చినా నేను మొదట చూసేది పెదాలు. రాకుమారి పెదాలైనా సరే, రాక్షసుడి పెదాలైనా సరే. ఎరుపు రంగు నల్లగీత లోపల కుదురుగా కూర్చుందా, వెంట్రుకవాసి పక్కకు జరిగిందా? జరిగితే ఎటు జరిగింది? పేజీ మొత్తం అలాగే ఉందా, ఒక మూలేనా? పసుపు కూడా జరిగిందా, ఎరుపొక్కటేనా? ఇదంతా చూసుకున్నాకే కథలోకి వెళ్తాను. మా ఇంట్లో వాళ్ళకి ఇది అలవాటైపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం "ఏంటండీ, చదవకుండా అలా వెలుగుకి పెట్టి చూస్తారు?" అని అడుగుతుంటారు.

ఈ చూపు నాకు అమలాపురంలో మా పెదనాన్నగారి ప్రెస్సులో వచ్చింది. ప్రెస్సంటే పెద్దదేం కాదు. రోడ్డు మీదికి రెండు చెక్క తలుపులు, లోపల కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ అచ్చు మిషను ఒకటి, గోడ పొడుగునా అచ్చు అక్షరాలు పెట్టుకునే టైపు కేసులు, మూలగా కాగితం కోసే కత్తెర మిషను. శుభలేఖలు, కరపత్రాలు, కొబ్బరి కొట్లకి బిల్లు పుస్తకాలు, సంక్రాంతి వస్తే జగ్గన్నతోట ప్రభల తీర్థానికి చందా రసీదులు. ఇవే పనులు. డెబ్బైల్లో, బడి వదలగానే నేను పుస్తకాల సంచీ ఇంట్లో పడేసి అక్కడికి పోయేవాణ్ణి. కిరసనాయిలుతో రోలర్లు తుడిచే గుడ్డ వాసన, తడి ఇంకు వాసన ఇప్పటికీ నాకు ఇష్టమే.

శుభలేఖ రెండు రంగుల్లో కావాలంటే అదే కార్డు మిషన్లోకి రెండుసార్లు వెళ్ళాలి. ముందు పసుపు. అది ఆరాక ఎరుపు. వినాయకుడి జింకు బ్లాకులు కూడా రెండు ఉండేవి, ఒకటి పసుపు పడాల్సిన చోట్లకి, ఒకటి గీతకి. కాలితో తొక్కుతూ, కుడిచేత్తో కార్డు పెడుతూ, ఎడమచేత్తో తీస్తూ పెదనాన్న వందల కార్డులు ఒకే ఊపులో లాగేసేవారు. ప్రతి కార్డూ ఒకే చోట నిలవడానికి పెట్టిన పిన్నులకి సరిగ్గా ఆనాలి. ఆనకపోతే వినాయకుడి కిరీటంలో పసుపు చెవి మీదికి వచ్చేసేది. అలా వచ్చిన కార్డుని ఆయన పక్కన పడేసేవారు. పని ఇచ్చిన వాళ్ళు "పర్లేదండీ, ఎవరు చూస్తారు" అన్నా కట్టలో కలిపేవారు కాదు.

శ్రావణమాసం ముహూర్తాలప్పుడు అసలు కష్టం. మా కోనసీమలో ఆ రోజుల్లో గాలిలోనే నీళ్ళుంటాయి. పొద్దున పసుపు వేసిన కార్డులు సాయంత్రానికి ఉబ్బుతాయి. కాగితం తేమ పీల్చుకుంటే సాగుతుంది, అందులోనూ పీచుకి అడ్డంగా ఎక్కువ సాగుతుంది. అప్పుడు పిన్నులు కదలకపోయినా సరే, రెండో రంగు మొదటి రంగు మీద పడదు. "కాగితం నీళ్ళు తాగిందిరా అబ్బాయ్. ఇవాళ ఎరుపు కూర్చోదు. రేపు ఎండొస్తే చూద్దాం" అనేవారు. పెళ్ళివారు గుమ్మంలో నిలబడి "ఆయ్, ముహూర్తం ఆగదు కదండీ" అని బతిమాలేవారు. ఈయన మాత్రం కార్డుల్ని దారానికి వేలాడదీసి బల్బు వెలిగించి పెట్టి, ఇంటికి భోజనానికి వచ్చేసేవారు.

శివకాశిలో అన్ని ప్రెస్సులు ఎందుకు వచ్చాయని నాకు తర్వాతెప్పుడో ఎవరో చెప్తే వెంటనే అర్థమైపోయింది. అక్కడ వానలు తక్కువ, గాలి పొడి. అగ్గిపెట్టెలకీ టపాకాయలకీ ఏది మంచిదో రంగుల అచ్చుకీ అదే మంచిది. కేలండర్లన్నీ అక్కణ్ణుంచే వచ్చేవి. మా దగ్గర కాగితానికి కొదవ లేదు. రాజమండ్రిలో 1924 నుంచీ కాగితం మిల్లు ఉంది, ఏజెన్సీ వెదురు నుంచి తీసిన గుజ్జుతో చేసేవారు. పెదనాన్న రీములు అక్కడివే. కాగితం మాదే, తేమా మాదే.

ఈ రెండు రంగుల గొడవ కళ్ళారా చూసిన పిల్లవాడి చేతిలో చందమామ పెడితే ఎలా ఉంటుంది! నెలనెలా బస్టాండు దగ్గర బడ్డీకొట్టుకి వచ్చేది. నాకంటే ముందు పెదనాన్నే తిరగేసేవారు. ఆయనకి బేతాళుడితో పని లేదు. పేజీ మీద బొటనవేలితో ఓసారి రాసి, వేలికి నలుపు అంటిందా అని చూసి, "మద్రాసు వాళ్ళ పని చూడరా, ఎక్కడా కదల్లేదు" అనేవారు. చివర్లో చిన్న అక్షరాల్లో అచ్చు వేసిన ప్రెస్సు పేరు, ప్రసాద్ ప్రాసెస్ అని ఉండేది. ఆ పేరు నేను రాసినవాళ్ళ పేర్ల కంటే ముందు నేర్చుకున్నాను.

నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మొదలుపెట్టిన ఆ పత్రిక పదికి పైగా భాషల్లో అవే బొమ్మలతో వచ్చింది. అన్ని భాషలకీ రంగుల ప్లేట్లు, అంటే ఒక్కో రంగుని అచ్చు వేసే రేకులు, ఒకటే ఉంటే సరిపోతుంది, అక్షరాలున్న నల్ల ప్లేటు మార్చుకుంటే చాలు. బొమ్మ మీద అక్షరం పడకుండా పక్కనే గడిలో కథ పెట్టడంలో ఈ సుఖం కూడా ఉంది. కానీ నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది వేరు. అక్కడి చిత్రకారులకి ప్రెస్సు తెలుసు. ఏ గీత ప్లేటు మీద నిలుస్తుందో, ఏ గీత పూడుకుపోతుందో తెలిసి గీశారు.

వాళ్ళలో "చిత్ర" అనే పేరుతో బొమ్మలు వేసిన చిత్రగారి సంగతే చెప్తాను. దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్సుకి ఆయన వేసిన బొమ్మలు పాత సంచికల్లో చాలావరకు నలుపు, దానికి తోడు ఇంకొక్క రంగు. అంతే. ఇప్పుడు నా ఎదురుగా ఉన్న పేజీలో ఓ కొండచరియ, దాని కింద ఈటెలు పట్టుకున్న నలుగురు మనుషులు. కొండని ఆయన బ్రష్షుతో మూడు నాలుగు దట్టమైన నల్ల మచ్చలుగా వేసి, అంచుల్లో మాత్రం సన్నటి పొడి గీతలు లాగారు. రెండో రంగు ఓ మాదిరి నారింజ. అది ఆకాశం మీదా, మనుషుల ఒంటి మీదా ఒకటే పొరగా ఉంది. తలపాగాలు, ఈటెల మొనలు ఉత్త కాగితం తెలుపే. నారింజ కాస్త ఎడమకి జరిగింది, నేను కొలవకుండానే చెప్పగలను. అయినా బొమ్మకి ఏమీ కాలేదు. ఎందుకంటే రంగు ఆగాల్సిన చోటల్లా ఆయన గీత లావుగా వేశారు. రంగు అటూఇటూ జరిగినా ఆ లావు కిందే దాక్కుంటుంది. సన్నగీత వేసిన చోట అసలు రంగు అంచు రాకుండా చూసుకున్నారు. ఇది అనుకోకుండా జరిగిన పని కాదు. 1978లో పోయేవరకూ ఆయన గీసిన బొమ్మలు ఏవి తీసి చూసినా ఈ జాగ్రత్త కనిపిస్తుంది.

శంకర్‌గారి దారి వేరు. విక్రమార్కుడు భుజాన శవం వేసుకుని కత్తి దూసి నడిచే ఆ బొమ్మ తెలియని తెలుగువాడు లేడు. ఆయనది సన్నటి గీత, నగల మీదా, స్తంభాల మీదా, ఆకుల మీదా ఓపిగ్గా నింపే గీత. ఆ గీతకి కాగితం బాగుండాలి. బాగున్న సంచికలో ఆయన బొమ్మ చూస్తే గుడిగోడ ముందు నిలబడి చెక్కడం చూసినంత తృప్తి. ముతక కాగితం మీద పడ్డ సంచికలో అవే నగలు ముద్దయిపోయి ఉంటాయి. అందుకే శంకర్‌గారి విషయంలో నేను ఒకే సంచికకి రెండు మూడు కాపీలు సేకరిస్తాను. చిత్రగారికి ఆ అవసరం రాలేదు.

ఇక వపాగారి అట్టలు. వడ్డాది పాపయ్యగారిది శ్రీకాకుళం, మా గోదావరి కాదు, అయినా మా ఇళ్ళల్లో ఆయన బొమ్మలు ఫ్రేములు కట్టి దేవుడి పటాల పక్కన పెట్టుకున్నారు. ఆయనది నీటిరంగుల పని. గీత మీద కాక రంగు రంగులో కరిగే చోట నడుస్తుంది బొమ్మ. దాన్ని అచ్చు వేయడానికి నాలుగు ప్లేట్లు కావాలి. పసుపు, ఎరుపు, నీలం, నలుపు. ఒక్కో రంగునీ చిన్న చిన్న చుక్కలుగా విడగొట్టి, ఒక్కో రంగు చుక్కల వరసల్ని, అంటే స్క్రీనుని, ఒక్కో కోణంలో తిప్పుతారు. నలుపు 45 డిగ్రీలు, ఎరుపు 75, నీలం 15, పసుపు 90. ఈ కోణాలు తప్పితే బొమ్మంతా గళ్ళు గళ్ళుగా కనబడుతుంది. సరిగ్గా కుదిరితే భూతద్దం కింద చుక్కలన్నీ చిన్న గులాబీల వరసలా తేలతాయి. ప్రెస్సు వాళ్ళ దగ్గర మడతపెట్టే ఇత్తడి భూతద్దం ఉంటుంది, పెదనాన్నది నా దగ్గరే ఉంది. దాని కింద వపాగారి అమ్మాయి చెంప చూడండి. గులాబీ రంగు అనుకున్నది ఎరుపు చుక్కల మధ్య తెల్ల కాగితమే. పల్చబడుతూ పల్చబడుతూ చెవి దగ్గరికి వచ్చేసరికి పసుపు చుక్కలే మిగులుతాయి. దినపత్రికలకి వాడే చవక కాగితం, న్యూస్‌ప్రింటు మీద అంగుళానికి 65 నుంచి 85 వరసల చుక్కలే నిలుస్తాయి. నున్నటి ఆర్ట్ పేపరు మీదైతే 133, 150 కూడా పెట్టొచ్చు. అందుకే లోపలి కాగితం ఎలా ఉన్నా అట్టకి మంచి కాగితం కావాలి.

అక్కడే నాకు ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది, ఇన్నేళ్ళయినా మారలేదు. అట్ట బాగుంటే ఆ మెప్పులో సగం ప్రెస్సుది. లోపలి పేజీ బాగుంటే అది గీసినవాడి ఘనత. చవక కాగితాన్ని, జరిగే రంగుని ముందే లెక్కలో వేసుకుని గీసినవాడే కామిక్ ఆర్టిస్టు. గాజు ఫ్రేములో అందంగా ఉండి, అచ్చులో చచ్చిపోయే బొమ్మ ఎంత గొప్పదైనా బొమ్మల పుస్తకానికి పనికిరాదు.

ఈ లెక్కన మా వైపు పుట్టిన పెద్ద మనిషి బాపుగారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వసిష్ఠ దాటితే నరసాపురం, ఆయన 1933లో పుట్టిన ఊరు. వారపత్రికల న్యూస్‌ప్రింటు ఎలాంటిదో ఆ తరం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇంకు పడితే పాకుతుంది, వెనక పేజీ అక్షరాలు ముందుకు కనిపిస్తాయి. ఆ కాగితం మీద బాపు గీత ఎప్పుడైనా చెడిందా? నేను చూడలేదు. ఎన్ని గీతలు మానేయాలో తెలిసిన చెయ్యి అది. ముక్కు గీయరు, ముక్కు కింద నీడ గీస్తారు. జడ మొత్తం నలుపు చేసి మధ్యలో ఒక్క తెల్ల మెరుపు వదులుతారు. ఇంకు పాకితే ఆ నలుపు ఇంకాస్త నలుపవుతుంది, అంతే. పైగా అక్షరాలు కూడా ఆయనే రాసేవారు. బొమ్మలో గీతా, మాటలో ఒత్తూ ఒకే బ్రష్షు నుంచి దిగుతాయి. తెలుగు బొమ్మల పుస్తకాలకి తర్వాత తగిలిన పెద్ద దెబ్బ ఈ అక్షరాల దగ్గరే అని నా బాధ.

రాజమండ్రి స్టేషన్లో పుస్తకాల కొట్టుంది కదా, అమరచిత్రకథలు నేను మొదట చూసింది అక్కడే. అనంత్ పాయ్‌గారు 1967లో మొదలుపెట్టిన వరస. మొదటి పది నంబర్లు విదేశీ కథలు. మన పురాణం 11వ నంబరు కృష్ణతో మొదలైంది, బొమ్మలు రామ్ వైర్కర్. తొలి సంచికల్లో పసుపు, నీలం, ఆకుపచ్చ, ఇంతే రంగులు. ఆ సంచిక పెదనాన్నకి చూపిస్తే ఆయన ఎంత సంబరపడ్డారో! "ఆకుపచ్చకి వేరే ఇంకు ఎందుకురా, పసుపు మీద నీలం పడితే అదే వస్తుంది. రెండు ఇంకుల ఖర్చుకి మూడు రంగులు లాగారు" అన్నారు. తర్వాత పూర్తి రంగుల్లోకి వచ్చేశారు. ప్రతాప్ ములిక్ బొమ్మల్లో కండలు, గుర్రాలు, యుద్ధాలు చూసి నేను నోట్ బుక్కుల అట్టలన్నీ నింపేశాను. అయినా ఇద్దరిలో ఎవరంటే నేను వైర్కర్ వైపే. ఆయన మనిషి పరిగెడితే పంచె అంచు కూడా పరిగెడుతుంది.

తెలుగు కాపీల్లో మాత్రం ఒక లోటు ఎప్పుడూ గుచ్చుకునేది. మాటల బుడగలు ఇంగ్లీషు అక్షరాల కొలతకి గీసినవి. ఇంగ్లీషు వరసలు ఒకదాని మీద ఒకటి దగ్గరగా పేర్చొచ్చు. మనకి కింద ఒత్తులు, పైన గుడులు, తలకట్లు. "స్త్రీ" అనే ఒక్క అక్షరానికి పైనా కిందా చోటు కావాలి. బుడగ పెంచితే బొమ్మ నల్లగీత తెగుతుంది, పెంచకపోతే అక్షరం చీమ తలకాయంత అవుతుంది. చిన్న అక్షరం అచ్చులో పూడుకుపోయి, ఏది "మ"యో ఏది "య"యో తెలిసేది కాదు. తెలుగులోనే పుట్టిన కామిక్కైతే బుడగని ముందే వెడల్పుగా వేసుకుంటారు. బుజ్జాయిగారి పేజీలు చూడండి, ఎక్కడా ఇరుకు ఉండదు. కృష్ణశాస్త్రిగారి అబ్బాయి, మా పిఠాపురం వైపు వాళ్ళు. 60ల్లో ఆయన పంచతంత్రం బొమ్మలు ఇంగ్లీషు ఇలస్ట్రేటెడ్ వీక్లీలో వచ్చాయి. అది గ్రావ్యూరు అచ్చు. అందులో చుక్కలు రాగి సిలిండరు మీద గుంటలుగా ఉంటాయి, గీతని కూడా ఆ గుంటలే తయారుచేయాలి కాబట్టి భూతద్దం పెడితే అంచు రంపపు పళ్ళలా ఉంటుంది. కంటికి మాత్రం ముఖమల్ మెత్తదనం. నక్క తోక దగ్గర ఆ గోధుమరంగు మసక ఏ ఆఫ్‌సెట్ అచ్చులోనూ నాకు మళ్ళీ కనబడలేదు.

ఇంద్రజాల్ కామిక్స్ గురించి ఎక్కువ చెప్పను, వాటి మీద నాకంటే ప్రేమ ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. 1964 మార్చిలో ముసుగు వీరుడు ఫాంటమ్ కథలతో మొదలయ్యాయి. దినపత్రికల కోసం గీసిన స్ట్రిప్పుల్ని కోసి పేజీలుగా అతికించేవారు, అందువల్ల కొన్ని గడుల్లో చేతులు మణికట్టు దగ్గర ఆగిపోయేవి. మొదటి సంచికలకి గోవింద్ బ్రాహ్మణియా వేసిన అట్టలు మాత్రం నేను ఇప్పటికీ విడిగా తీసి చూస్తుంటాను.

మా ప్రాంతంలో ఇవన్నీ దాచుకోవడం ఎంత కష్టమో బయటి వాళ్ళకి తెలియదు. న్యూస్‌ప్రింటు కర్రని నేరుగా నూరి చేసిన గుజ్జు. అందులో కర్రలోని లిగ్నిన్ అనే పదార్థం ఉండిపోతుంది, వెలుగూ గాలీ తగిలితే పసుపెక్కుతుంది, తర్వాత గోధుమరంగు, చివరికి అప్పడంలా విరుగుతుంది. తేమ ఉంటే ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది. స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి ఆ తుప్పు నడిమి పేజీలకి దిగుతుంది. దానికి తోడు చెదలు, బొద్దింకలు, పుస్తకాల పురుగు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో మా పెంకుటిల్లు సగం ఎగిరిపోయింది. తెల్లారి చూస్తే పెరట్లో కొబ్బరిచెట్లు ఒక్కటీ నిలబడి లేదు. ఊరంతా ఆ బాధలో ఉంటే పుస్తకాల మాట ఎత్తడానికి కూడా నోరు రాలేదు. తర్వాత ఎప్పుడో ట్రంకుపెట్టె తెరిస్తే నున్నటి ఆర్ట్ పేపరు అట్టలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఆ నునుపు కోసం కాగితానికి పూసే పూత తడిస్తే జిగురైపోతుంది, విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. లోపలి చవక కాగితాలు మాత్రం నీడలో ఆరబెడితే ముడతలు పడి బతికాయి. మంచి కాగితం పోయి చవకది మిగలడం ఆ రోజు నాకు మింగుడు పడలేదు.

పురుగు కంటే, తుఫాను కంటే ఎక్కువ నష్టం చేసింది మన బైండింగు అలవాటు. ప్రేమతో చేసిన పనే, ఎవర్నీ అనలేను. సీరియల్ పేజీలు చింపి వరసగా కుట్టించేవారు, లేదా ఏడాది సంచికలు కలిపి కాలికో గుడ్డ అట్ట వేయించేవారు. బైండరు ముందు అట్టలు పీకేసేవాడు, లావు తగ్గుతుందని. వపాగారి అట్టలు అలా ఎన్ని పోయాయో! తర్వాత మూడు వైపులా కట్టింగు. పేజీ అంచుల దాకా వేసిన బొమ్మలకి ఈ కట్టింగులో కాళ్ళు తెగిపోయేవి. వెన్ను దగ్గర కుట్టు లోపలికి వేయడంతో బొమ్మ మధ్యలో మడతలోకి వెళ్ళిపోతుంది. ఒక్క మంచి పని చేసేవారు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవారు, ఆ పుస్తకాల జోలికి పురుగు రాదు. మా ఊళ్ళో అలా బైండు చేసిన వాల్యూము ఒకటి ఇప్పటికీ చెక్కుచెదరలేదు, అట్టలు మాత్రం లేవు.

ఇప్పుడు రీప్రింట్ల కాలం వచ్చింది. రావాలి, పిల్లలకి దొరకాలి. కానీ ఈ మధ్య ఒక ప్రచురణ సంస్థ వేసిన పాత బొమ్మల సెట్టు తెప్పించుకుని రెండు రోజులు అన్నం సయించలేదు. ధర తక్కువేం కాదు. కాగితం తళతళలాడే ఆర్ట్ పేపరు, ట్యూబులైటు కింద పేజీలో సగం వెలుగే కనబడుతుంది. రంగులు కంప్యూటర్లో కొత్తగా వేశారు. చిత్రకారుడు ఒక్క పొరగా వదిలిన ఆకాశంలో నీలం నుంచి గులాబీకి జారే షేడు నింపారు. బుగ్గలకి మెరుపులు పెట్టారు. రాయికీ, ఒంటికీ, బట్టకీ ఒకటే నున్నదనం. నల్లగీత ఇచ్చిన గుండ్రదనం మీద రంగు ఇంకో గుండ్రదనం రుద్దితే కన్ను దేన్ని నమ్మాలి? అంతకంటే ఘోరం, స్కాన్ చేసినప్పుడు బూడిదరంగునంతా నలుపో తెలుపో చేసేశారు. సన్నగీతలు తెల్లబడి మాయమయ్యాయి, దగ్గర దగ్గర గీతలు కలిసి మచ్చలయ్యాయి. ఒక ముసలివాడి గడ్డంలో పాత కాపీలో వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. కొత్త దాంట్లో అది నల్లగుడ్డ.

నా మేనల్లుడు ఇలాంటి డిజైన్ పనులే చేస్తాడు, హైదరాబాదులో. "మావయ్యా, ఇప్పటి పిల్లలకి ఆ పాత రంగులు డల్‌గా అనిపిస్తాయి" అంటాడు. వాడికి పెదనాన్న భూతద్దం ఇచ్చి, పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన పెట్టాను. చాలాసేపు చూసి, "గీత అయితే పాత దాంట్లోనే బాగుంది మావయ్యా" అన్నాడు. నాకు కావలసింది అదే. రంగు ఇష్టాయిష్టాలు తరాన్ని బట్టి మారనీ. గీత పోగొట్టే హక్కు ఎవరికీ లేదు.

వేసేవాళ్ళని నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఒక్క కాపీ దొరికిందని దాన్నే స్కాన్ చేసేయకండి. ఒకే సంచికవి నాలుగైదు తెచ్చుకుని, ఏ కాపీలో నలుపు బాగా పడిందో ఆ పేజీ అందులోంచి తీసుకోండి. అచ్చు మొదట్లో వచ్చిన కాపీకీ, ప్లేటు అరిగాక వచ్చిన దానికీ ఎంతో తేడా ఉంటుంది. బూడిదరంగు ఉంచి, అంగుళానికి 600 చుక్కలకి తగ్గకుండా స్కాన్ చేయండి. పసుపెక్కిన కాగితాన్ని పాలలా తెల్లగా చేయాలని చూస్తే దానితో పాటు లేత రంగులూ పోతాయి. మెరవని కాగితం వాడండి, రాజమండ్రి మిల్లు మాప్‌లిథో చాలు. సైజు తగ్గించకండి. పాత అచ్చులో రంగు జరిగి ఉంటే సరిచేయండి, అభ్యంతరం లేదు, పెదనాన్న బతికుంటే ఆయనా అదే చేసేవారు. అక్కడితో ఆగండి. చిత్రకారుడి గీత మీద మీ చెయ్యి వేయకండి.

నేను చేయగలిగింది నేను చేస్తున్నాను. నా దగ్గరున్న వాటిలో మంచి పేజీలు ఒక్కొక్కటే స్కాన్ చేసి, రంగులు దిద్దకుండా దాస్తున్నాను. వానాకాలంలో ఆ పని పెట్టుకోను, కాగితం మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది. మాఘం నుంచి వైశాఖం దాకా మాకు మంచి రోజులు. మొన్న పాలకొల్లు నుంచి ఒక పెద్దాయన కబురు చేశారు. వాళ్ళ నాన్నగారు కొన్న చందమామలు ఒక ఏడాదివి పూర్తిగా ఉన్నాయట, బైండు చేయించలేదట, అట్టలతో సహా ఉన్నాయట. "ఇవ్వనండి, మీరే వచ్చి కూర్చుని చూసుకోండి, మధ్యాహ్నం భోజనం ఇక్కడే" అన్నారు. వచ్చే ఆదివారం వెళ్తున్నాను. శంకర్‌గారి నగలు ఆ కాపీల్లో ఎలా పడ్డాయో చూడాలి. ఆయన ఒప్పుకుంటే స్కానరు కూడా కారులో వేసుకుని మళ్ళీ వెళ్తాను.